టాస్ వేళకు

రంజాన్ పండగ వెళ్ళిన వారానికి క్రికెట్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. వాటితో పాటే నేను మా ఆయన షాపులో కూర్చోవడం మొదలుపెట్టాను.

తెనాలి బోసు రోడ్డులో మాది టీవీలు బాగుచేసే షాపు. ఆయన పేరు జావీద్. మా పేటలో సగం ఇళ్ళ టీవీలు ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతిలో పడి లేచినవే. వేసవిలో ఆ రెండు నెలలూ మాకు సంపాదన కాలం. మామూలు రోజుల్లో టీవీ పాడైతే వారం ఆగి తెచ్చేవాళ్ళు మ్యాచ్‌లప్పుడు గంట కూడా ఆగరు. గండం కూడా ఆయనకు అప్పుడే. అంతకుముందు ఏడాది అవే రెండు నెలల్లో మా బండి పోయింది, నా మెడలో గొలుసు పోయింది, ఒకరి మాట ఒకరు నమ్మడం కూడా పోయింది. అన్నీ మ్యాచ్‌ల మీద కట్టిన పందేలే. ఆ వానాకాలంలో గుంటూరులో కౌన్సెలింగ్ చేసే ఒక మేడం దగ్గరికి తీసుకువెళ్ళాను. మానేశారు. చలికాలం దాటింది, ఉపవాసాల నెల దాటింది. ఇంక వదిలిపోయిందనే అనుకున్నాం ఇద్దరం.

మొదటి మ్యాచ్ రోజు సాయంత్రం నేను పప్పు తాలింపు వేస్తుంటే ఆయన షాపు కట్టేసి వచ్చేశారు. ముఖం కూడా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో కూలబడ్డారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నారు.

“పందెం కట్టలేదు వజీరా,” అన్నారు ముందుగా.

తర్వాత చెప్పారు. ఎవరిదో టీవీ బ్యాక్‌లైటు మార్చి, వచ్చిందో లేదో చూద్దామని ఆన్ చేశారట. మ్యాచ్ వస్తోంది. జనం గోల, కామెంటరీ, టాస్ వేయబోతున్నారు.

“నాకు ఆట చూడాలని కూడా లేదు. ఆ చప్పుడు చెవిన పడిందో లేదో, చెయ్యి జేబులోకి వెళ్ళి ఫోన్ తీసింది. తీశాక తెలిసింది, తీశానని.”

ఫోన్ ఏదని అడిగాను. పనిముట్ల పెట్టెలో పడేసి తాళం వేసి వచ్చానన్నారు.

మర్నాడే గుంటూరు వెళ్ళాం. చందన మేడం నాకంటే చిన్నది. ఆమె ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. పందెం కట్టేటప్పుడు చుట్టూ ఏమేమి ఉన్నాయో వాటన్నిటినీ మనసు పందెంతో కలిపి మూటగట్టేసుకుంటుందని చెప్పింది. చప్పుడు, చోటు, వేళ, వాసన, మనుషులు. వాటిలో ఏ ఒక్కటి ఎదురైనా మూట మొత్తం విప్పుకుంటుందట. ఆలోచించుకునే లోపే అది జరిగిపోతుందనీ, మనిషి చెడ్డవాడవడం వల్ల కాదనీ ఆయనకు రెండుసార్లు చెప్పింది. లేచిన కోరిక కాసేపటికి దానంతటదే తగ్గుతుంది, తగ్గేదాకా పక్కన మనిషి ఉండాలి, చేతులకు పని ఉండాలి అంది. బయటికి వస్తుంటే నన్ను వెనక్కి పిలిచి ఒక మాట చెప్పింది.

“ఆయన్ని కాపలా కాయకండమ్మా. ఆయన్ని ఏది పిలుస్తోందో కనిపెట్టండి.”

అలా నేను షాపుకొచ్చి కూర్చున్నాను. మా ఇష్రత్‌కు పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. దానికి పొద్దున్నే వండిపెట్టి, బల్ల వెనక ఒక స్టూలు వేసుకుని ఆయన్ని చూస్తూ ఉండేదాన్ని. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆయన్ని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

మొదట టీవీ చప్పుడు. దానికి మందు తేలికగానే దొరికింది. రేపల్లెలో ఉండే మా తమ్ముడు అబూబకర్ పెళ్ళి వీడియో పెన్‌డ్రైవ్‌లో వేయించాను. బాగుచేసిన ప్రతి టీవీలోనూ అదే పెట్టి చూపించేవాళ్ళం. తర్వాత జేబు. ఆయన చొక్కాలన్నీ ముందేసుకుని కుట్లు విప్పి జేబులే ఊడదీశాను. ఫోన్ నా సంచిలో ఉండేది. రింగ్‌టోన్ మార్చాను, నంబరూ మార్పించాను.

టీ సంగతి కనిపెట్టడానికి పది రోజులు పట్టింది. ఎదురుగా యలమంద టీ బండి. సాయంత్రమయ్యేసరికి అతనే రెండు గ్లాసులు పట్టుకొచ్చి ఇచ్చేవాడు. ఆ గ్లాసు చేతిలోకి రాగానే ఆయన మోకాలు ఆడటం మొదలయ్యేది. పోయినేడు పందేలన్నీ ఆ బండి పక్కన నిలబడి, ఆ గ్లాసు చేత్తో పట్టుకునే ఫోన్లో కట్టారట. నేను అడిగేదాకా ఆయనకే ఆ సంగతి తట్టలేదు. ఇంటి నుంచి ఫ్లాస్కులో టీ తేవడం మొదలుపెట్టాను. యలమంద చిన్నబుచ్చుకున్నాడు.

“మా టీ ఏం చేసిందక్కా?”

“నీ టీ చాలా బాగుంటుంది తమ్ముడూ. అదే చిక్కు,” అన్నాను.

ఇవన్నీ బయటివాళ్ళకు చెప్పే విషయాలు కావు కనక, మ్యాచ్ పెట్టమని అడిగినవాళ్ళకు మా డిష్ పాడైందని చెబుతూ వచ్చాను. టీవీ షాపులో డిష్ పాడవడమేంటని కొందరు నవ్వేవాళ్ళు. రిటైరైన గుమాస్తా శివరామయ్యగారు మాత్రం నవ్వలేదు. కొత్త బోర్డు వేయించుకున్న టీవీ ముందు నిలబడి మా తమ్ముడి పెళ్ళి భోజనాలు కాసేపు చూశారు.

“ఏమ్మా, నా టీవీలో బంతి ఆనుతుందో లేదో చూసుకోవాలిగాని, మీవాళ్ళు వడ్డిస్తుంటే నేనేం చూసేది? నిన్న కూడా డిష్ పాడైందన్నావంట. అసలేంటి సంగతి?”

షాపులో ఇంకో ఇద్దరున్నారు. మా ఆయన తల ఎత్తలేదు. అబద్ధం మీద అబద్ధం అతికించుకుంటూ రెండు నెలలు లాక్కురాలేనని నాకు అప్పుడే అనిపించింది.

“బాబాయ్ గారూ, ఈయన మ్యాచ్‌ల మీద పందేలు కట్టి మానుకున్న మనిషండి. ఆ చప్పుడు వింటే మళ్ళీ లాగుతుంది. అందుకని మా షాపులో మ్యాచ్ పెట్టం. ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి. బంతి కనబడకపోతే మళ్ళీ తీసుకురండి, ఊరికే చేసిస్తాం.”

శివరామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గుంటూరు ఆఫీసుకు రోజూ రైల్లో వెళ్ళే రోజుల్లో తనకు పేకాట అలవాటైందనీ, మానుకున్నాక పెట్టెలో ఎవరైనా ముక్కలు కలుపుతున్న చప్పుడు వినబడితే దిగి పక్క పెట్టెలోకి మారేవాణ్ణనీ చెప్పారు. సీటు దొరక్క నిలబడే ప్రయాణం చేశానమ్మా అన్నారు. టీవీ ఆటోలో పెట్టించుకుని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి మా ఆయన అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండానే అడిగారు.

“నా సంగతి నువ్వెందుకు చెప్పావు?”

“మీరు చెప్పలేదు గనక.”

కంచం దగ్గరికి లాక్కుని తిన్నారు. మర్నాటి నుంచి డిష్ అబద్ధం అవసరం లేకపోయింది. మేం నోరు విప్పేలోపే కథ బోసు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. కొన్ని బేరాలు తగ్గాయి. కొందరు మాత్రం పనిగట్టుకుని మా దగ్గరికే తెచ్చారు. టాస్ వేళకు ఆయన చేతికి ఏదో ఒక పాత బోర్డు ఇచ్చేదాన్ని. దాని మీది భాగాలన్నీ ఊడదీసి మళ్ళీ అతికేవారు. నుదుటి మీద చెమట పోసేది, ఆరేది. అంతే, ఆ రోజుకు అయిపోయినట్టు. అలా ఏప్రిల్ చివరికొచ్చాం.

ఇష్రత్ పరీక్ష ఫలితాలొచ్చాయి. మేమెవరం అనుకోనన్ని మార్కులు. ఆ మధ్యాహ్నం షాపు కట్టేసి, కొత్తపేట హోటల్లో బిర్యానీ కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళాను. చాలా రోజులకు మనసు తేలికైంది. చాప వేసి పొట్లాలు విప్పాను. ఇష్రత్ వాసన పీల్చి చప్పట్లు కొట్టింది. దాన్ని చూసి నేను నవ్వాను. ఆయనా నవ్వబోయారు.

లేని జేబులోకి ఆయన చెయ్యి వెళ్ళింది.

ఒట్టి చొక్కా మీద రెండుసార్లు తడుముకుని చెయ్యి కిందికి దించారు. “షాపు తాళం సరిగ్గా పడిందో లేదో చూసి వస్తా,” అని లేచారు. తాళం వేసింది నేనే, లాగి చూసింది కూడా నేనే. ఆ మాట అనేలోపు మేకుకు తగిలించిన నా సంచి నుంచి ఫోన్ తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. “అబ్బాజాన్ తినకుండా వెళ్ళారేంటి అమ్మీ?” అంది ఇష్రత్. నేను పొట్లం వైపు చూశాను. పోయినేడు గెలిచిన రోజుల్లో ఆయన తెచ్చింది ఇదే పొట్లం. పడుకున్న మమ్మల్ని లేపి ఈ చాప మీదే కూర్చోబెట్టి తినిపించేవారు. ఎక్కడిదని నేను అడిగేదాన్ని కాదు. తిని నవ్వేదాన్ని.

వెతుక్కుంటూ వెళ్తే కాలవ వంతెన దగ్గర కనిపించారు. గోడ మీద కూర్చున్నారు. ఫోన్ పక్కన బోర్లించి ఉంది. నేను వెళ్ళి ఇవతల కూర్చున్నాను.

“చేశాను,” అన్నారు. “పందేలు కట్టించుకునేవాడి నంబరు నోటికి వచ్చు కదా. ఎత్తలేదు. ఎత్తి ఉంటే కట్టేవాణ్ణి.”

“నా తప్పే. ఆ బిర్యానీ తేకుండా ఉండాల్సింది.”

“బిర్యానీ కాదు వజీరా. మీరిద్దరూ నవ్వారు చూడు, అది. గెలిచిన రోజున అలా నవ్వేవాళ్ళు. ఆ నవ్వు చూడగానే, ఇవాళ గెలుస్తాననిపించింది.”

దానికి ఏం మందు వేయాలో నాకు తెలియలేదు. టీవీ కట్టేయొచ్చు, టీ మానేయొచ్చు, జేబు కుట్లు విప్పేయొచ్చు. పిల్ల నవ్వును ఏం చేయడం? మమ్మల్ని నవ్వొద్దంటారా అని అడిగాను. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగాను. వద్దు వద్దు, నవ్వండి అన్నారు. ఆ నవ్వు చూస్తే ఇంకేదైనా గుర్తుకురావాలి, పందెం లేని రోజులు కొన్ని దాని పక్కన చేరాలి, తెనాలిలో ఉంటే అది ఇప్పట్లో అయ్యేలా లేదు అన్నారు. ఎండకు నెత్తి మాడుతుంటే ఆ గోడ మీదే కూర్చుని తేల్చుకున్నాం. రెండో రోజుకల్లా షాపుకు తాళం వేసి ముగ్గురం రేపల్లె రైలెక్కాం.

మా తమ్ముడు అబూబకర్‌ది రేపల్లెలో మోటార్లు వైండింగ్ చేసే పని. సముద్రంలో వేట నిషేధం ఉండే నెలలవి. నిజాంపట్నంలో బోట్లన్నీ ఒడ్డుకు చేరి మరమ్మతులకు వస్తాయి. బోట్ల మీద వైర్‌లెస్ సెట్లు, లైట్లు, దారి చూపే పెట్టెలు ఉంటాయి కదా, వాటి పని బావ చేస్తాడని అబూబకర్ అందరికీ చెప్పి పెట్టాడు. పొద్దున్నే ఇద్దరూ బండి మీద వెళ్ళేవాళ్ళు. ఉప్పు పట్టి పచ్చబడిన తీగలు గీకి శుభ్రం చేసి, సాయంత్రానికి చేపల వాసనతో, నల్లటి గోళ్ళతో తిరిగొచ్చేవారు. అక్కడ కూడా మ్యాచ్‌లు చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. అయినా ఆ రేవు, ఆ ఉప్పుగాలి, తారు వాసన, ఇవేవీ ఆయన పందేల మూటలో లేవు. మొదటి వారం టాస్ వేళకు ఒళ్ళంతా అదోలా అయ్యేదని చెప్పారు. రెండో వారం ఆ వేళ దాటిపోయాక గాని గుర్తుకురాలేదట.

ఒకరోజు సాయంత్రం మా తమ్ముడి చిన్నకొడుకు మామయ్య మెడలో వేలాడే రెండు వైర్ల టెస్టర్ తీసుకుని, డాక్టర్‌లా ఇష్రత్ గుండె మీద పెట్టి, “వైరు తెగింది, మార్చాలి” అన్నాడు. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక నేను భయంగా ఆయన వైపు చూశాను. ఆయన నావైపే చూస్తున్నారు. తర్వాత నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ మెల్లగా అన్నారు, “అందరూ నవ్వారు. నాకేం కాలేదు.”

అబూబకర్ ఇంక ఇక్కడే ఉండిపో బావా, షాపు పెట్టిద్దాం అని పోరుపెట్టాడు. నాకూ ఆ ఆశ కలిగింది. ఆయన ఒప్పుకోలేదు.

“ఇక్కడ నన్నేదీ పిలవడం లేదు కాబట్టి బాగున్నాను. పిలిచే చోట బాగుంటేనే కదా బాగున్నట్టు.”

చందన మేడంకు ఫోన్ చేశాను. ఊరు మారితే కోరిక పడుకుంటుంది, పాత చోటికి వెళ్తే లేచే వీలుంది, అది ముందే తెలుసుకుని వెళ్ళండి, ఒంటరిగా మాత్రం వద్దు అంది. నాకు ధైర్యం వచ్చిందో భయం వేసిందో చెప్పలేను. మే నెలాఖరుకు తెనాలి వెళ్ళిపోదామనుకున్నాం.

ఇంతలో బాపట్ల నుంచి కబురొచ్చింది. మా ఆయన పనిచేసిన ఒక బోటు యజమానికి సీతారామాంజనేయులుగారని బంధువు ఉన్నారు. ఆయనకు సూర్యలంక ఒడ్డున హోటలుంది. ఫైనల్ మ్యాచ్ కోసం పెద్ద తెర తెప్పించారు. బిగించినవాళ్ళు వెళ్ళిపోయారు, తెర మీద బొమ్మ రావడం లేదు. సాయంత్రం లోపల వచ్చి చూడమన్నారు.

నేను వద్దన్నాను. పందేలు లేని ఊరికి వెళ్ళొచ్చుగాని, ఫైనల్ జరిగే తెర దగ్గరికి నడిచి వెళ్ళడమేంటని గట్టిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు.

“నువ్వు వద్దంటే మానేస్తా. కానీ ఇది నా పని వజీరా. వచ్చే ఏడాదీ ఈ రెండు నెలలూ వస్తాయి. నువ్వు పక్కనుండగా ఒక్కసారి చేసి చూస్తాను. ఆగలేననిపిస్తే ఆ క్షణానే చెప్తాను.”

ఇష్రత్‌ను తమ్ముడింట్లో ఉంచి ఇద్దరం బస్సులో బాపట్ల వెళ్ళాం. పని అవగానే అట్నుంచి అటే రైల్లో తెనాలి చేరాలని, తాళాలు కూడా తెచ్చుకున్నాం.

ఇసుకలో షామియానా వేశారు. ఎర్ర కుర్చీలు వరసగా పేర్చి ఉన్నాయి. ఇటొకటి అటొకటి మనిషెత్తు స్పీకర్లు. మా ఆయన నిచ్చెనెక్కి తెర వెనక వైర్లన్నీ విప్పారు. ఎక్కడో జాయింటు సరిగా పడలేదట. సరిచేసేసరికి పొద్దు వాలింది. తెర వెలిగింది. చూసుకోవడానికి మా తమ్ముడి పెళ్ళి లేదు, మ్యాచ్ మొదలుకాబోయే స్టేడియమే ఉంది. హోటలు మనిషి ఒకతను సౌండు పెంచాడు. నిచ్చెన పట్టుకో వజీరా అన్నారు ఆయన పైనుంచి. నిచ్చెన కదలడం లేదు. అయినా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఒక చేత్తో నిచ్చెన కర్ర, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని తెర నాలుగు మూలలా రంగులు సరిగా వస్తున్నాయో లేదో తీరికగా చూశారు. వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. ఒక రంగు తేడాగా ఉందని మళ్ళీ సరిచేశారు. తొందరపడి దిగలేదు.

దిగేసరికి జనం వచ్చి కూర్చుంటున్నారు. సీతారామాంజనేయులుగారు చాలా సంతోషపడ్డారు. పనికి డబ్బిచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

“ఇంత కష్టపడ్డారు, భోంచేసి మ్యాచ్ చూసి వెళ్ళండి. మావాళ్ళు సరదాకి తలా కాస్త వేస్తున్నారు. టాస్ కాకముందే మీరూ ఓ మాట చెప్పండి, గెలుపెవరిది?”

నేను నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను. అలా మూసుకోవడం ఆ రెండు నెలల్లో నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది.

మా ఆయన టెస్టర్‌ను మెడ నుంచి తీసి సంచిలో పెట్టుకున్నారు.

“లేదండీ. నేను పందేలు మానుకున్న మనిషినండి. ఇక్కడ కూర్చుంటే కడతాను. అందుకని వెళ్ళిపోతున్నాం.”

సీతారామాంజనేయులుగారు భుజం మీద చెయ్యి మెల్లగా తీశారు. తర్వాత ఎవరినో కేకేసి, వీళ్ళిద్దరినీ మన ఆటోలో స్టేషన్లో దింపి రమ్మని చెప్పారు. ఆటో కదిలాక వెనక పెద్దగా అరుపు వినబడింది. టాస్ వేసినట్టున్నారు. ఎవరు గెలిచారని ఆటో అతను మమ్మల్నే అడిగాడు. తెలియదన్నాం.

బాపట్ల స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఎవరి చేతిలో చూసినా ఫోన్లే, ఏ ఫోన్లో విన్నా అదే కామెంటరీ. నలుగురైదుగురు ఒక ఫోన్ మీదికి వంగి ఉన్నారు. మా ఆయన సిమెంటు బల్ల మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు.

“ఏదైనా మాట్లాడు వజీరా. ఆపకుండా మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా సరే.”

మాట్లాడాను. షాపుకు రంగు వేయించాలన్నాను. ఇష్రత్‌ను ఏ కాలేజీలో వేద్దామన్నాను. మా పక్కింటి పిల్లికి ఈపాటికి పిల్లలు పుట్టి ఉంటాయన్నాను. రైలొచ్చింది, ఎక్కాం, మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. వింటున్నారో లేదో తెలియదు. దవడ బిగుసుకుని ఉంది. అప్పికట్ల దాటింది. చెప్పే సంగతులు అయిపోయి పాతవి తవ్వుకున్నాను. మా పెళ్ళయిన కొత్తలో రేపల్లె వెళ్తుంటే వేమూరులో రైలు చాలాసేపు ఆగిపోయిందనీ, మీరు దిగి జామకాయలు కొనుక్కొచ్చారనీ, నేను సిగ్గుపడి తినలేదనీ చెప్పుకుంటూ పోయాను. నిడుబ్రోలులో రైలు ఆగి, మళ్ళీ కదిలింది.

“జామకాయలు కాదు,” అన్నారు ఆయన.

“జామకాయలే. నాకు బాగా గుర్తుంది.”

“మామిడికాయ ముక్కలు. ఉప్పూకారం ఇంకాస్త వేయించమని నువ్వే అడిగావు. సిగ్గుపడిందట.” చేతులు తొడల కింద నుంచి ఎప్పుడు తీశారో గాని, ముక్క ఎంత ఉండేదో వేళ్ళతో కొలిచి చూపిస్తున్నారు.

పక్క సీట్లో ఫోన్ చూస్తున్నవాళ్ళు ఒక్కసారిగా కేకలు వేశారు. పెట్టె అంతా అటు తిరిగింది. మా ఆయన మాట ఆపి, కళ్ళు మూసుకుని, ఆ కేకలు సద్దుమణిగేదాకా ఆగారు. తర్వాత కళ్ళు తెరిచి నావైపు తిరిగారు.

“మామిడికాయే,” అన్నారు.